సూది మధ్యలో లేదు

మామయ్య స్టూడియోలో ఎవరూ ముట్టుకోకూడని వస్తువులు రెండు. ఒకటి ఆయన కుర్చీ, రెండోది కెమెరా నెత్తి మీదుండే చక్రం. కుర్చీదేముంది, ఆయన అటు వెళ్ళగానే అందరూ ఎక్కి కూర్చునేవారే. చక్రం సంగతి అలా కాదు. దాన్ని ఆటో అనే పచ్చ గడి దగ్గర నిలబెట్టి, దెబ్బలకి వేసే ప్లాస్టరు అడ్డంగా అంటించేశాడు. పూర్వం ఎవరో అసిస్టెంటు ఆ చక్రాన్ని తిప్పి, ఒక పెళ్ళి మొత్తాన్ని సున్నం కొట్టిన గోడలా తీసుకొచ్చాడట. ఆ పెళ్ళివారు పెట్టిన తిట్లు మామయ్య చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"కెమెరాకి మనకన్నా తెలివెక్కువ. దాని పని దాన్ని చేసుకోనియ్యాలి. మనం బొత్తాం నొక్కాలి, అంతవరకే" అంటాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మనిషి. నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా, ఇది వేరే కుందేలుదంటాడు.

ఆయన రెండో సిద్ధాంతం ఫినిషింగు. తీసిన ఫొటోని కంప్యూటర్లో వేసి మొహాన్ని తెల్లబరచడం. ఆ పని ఇంకెవరి చేతికీ ఇవ్వడు. స్టూడియో బయట అద్దాల పెట్టెలో తన ఫొటో కూడా అలాగే చేసి పెట్టుకున్నాడు. ఫలితం ఏమిటంటే, ఆ ఫొటో చూసి లోపలికొచ్చినవాళ్ళు మామయ్యనే పట్టుకుని "ఓనరుగారు లేరాండీ?" అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ మొహం మాడ్చుకుంటాడు గానీ ఫొటో మాత్రం మార్చడు.

అక్కడ ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టే పని మేనకోడలిది. ఇంట్లోవాళ్ళు ఆమెను చిన్నప్పటి నుంచీ పిడుగు అంటారు. బయటివాళ్ళు కాకిపిల్ల అనేవారు. మొదటి పేరు నోటిని చూసి పెట్టింది, రెండోది రంగుని చూసి. రెండో పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "అవును, కాకిపిల్ల కాకికి ముద్దు. మధ్యలో నీకేంటి నొప్పి?"

ఫొటోల ముందు మాత్రం ఆ నోరు పనికొచ్చేది కాదు. ఇంట్లో ఉన్న ప్రతి ఫొటోలోనూ అమ్మా తనూ ఒక మూలన రెండు నల్లటి మచ్చలు. పక్కవాళ్ళకి కళ్ళూ, ముక్కూ, చొక్కా బొత్తాలూ అన్నీ కనిపిస్తాయి. వీళ్ళిద్దరికీ పళ్ళు కనిపిస్తాయి, అదీ నవ్వితేనే. పోనీ మామయ్య ఫినిషింగ్ చేస్తే బాగుపడతారా అంటే, బూడిద గుమ్మడికాయలవుతారు. అయితే మచ్చ, కాకపోతే గుమ్మడికాయ. ఈ రెండేనా మా గతి అని పిడుగుకి ఒళ్ళు మండిపోయేది.

అందుకే ఒక మధ్యాహ్నం, మామయ్య భోంచేసి కుర్చీలో గుర్రు పెడుతున్నప్పుడు, ఆమె ఆ ప్లాస్టరు ఊడదీసింది.

చక్రం ఎం అనే అక్షరం దగ్గరికి తిప్పగానే కెమెరా తన తెలివంతా మూట కట్టి ఆమె చేతిలో పెట్టేసింది. ఇక నీ చావు నువ్వు చావమంది. మొదట తీసిన ఫొటో మొత్తం చీకటి. రెండోది పాలలో ముంచి తీసినట్టుంది. మూడోదాంట్లో గుర్రు పెడుతున్న మామయ్యకి రెండు తలకాయలొచ్చాయి. ఒక్క తలకాయతోనే వేగలేక చస్తున్నామని దాన్ని వెంటనే చెరిపేసింది.

తర్వాత రోజూ అదే పని. ఆయన కునుకు తీస్తే ఈమె ప్లాస్టరు తీసేది. కెమెరా లోపలి కంత ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె ఒకటుంది. ఆ అంకె చిన్నదైతే కంత పెద్దదవుతుంది, పెద్దదైతే చిన్నదవుతుంది. ఈ తలకిందుల లెక్క పెట్టినవాడెవడో కనబడితే నాలుగు కడిగేద్దామనుకుంది. షట్టరు ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే అంకె ఇంకొకటి. ఎక్కువసేపు తెరిస్తే వెలుతురొస్తుంది, కాని ఎదుటి మనిషి ఊపిరి పీల్చినా చెదిరిపోతాడు. మూడోది ఐఎస్ఓ. దాన్ని పెంచితే వెలుతురు పెరుగుతుంది, ఫొటో మీద ఇసుక చల్లినట్టూ ఉంటుంది. ఒకదాన్ని బుజ్జగిస్తే ఇంకొకటి అలుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన పిడుగుకి ఈ తంతు కొత్తేం కాదు.

ఈ మూడూ కుదిరాయో లేదో చెప్పడానికి లోపల చిన్న కొలబద్ద, దాని మీద అటూ ఇటూ కదిలే సూది ఉన్నాయి. సూది మధ్యలో, సున్నా మీద నిలబడితే అంతా సవ్యంగా ఉందని లెక్క. మామయ్య కూడా అప్పుడప్పుడు కన్ను పెట్టి చూసి "సూది మధ్యలో ఉంది, ఇంకేం" అనేవాడు. పిడుగు కిందా మీదా పడి, చివరికి ఆ సూదిని తన చేత్తో సున్నా మీద నిలబెట్టడం నేర్చుకుంది. నేర్చుకున్న రోజున తెల్ల తెర ముందు స్టూలేసుకుని, టైమరు పెట్టి, తన ఫొటో తనే తీసుకుంది.

కెమెరా వెనకున్న బుల్లి తెర మీద నల్లటి మచ్చ కనిపించింది.

అచ్చం మామయ్య తీసినట్టే ఉంది. ఇంత దొంగతనం చేసి, ఇన్నాళ్ళు చెమటోడ్చి, కెమెరా తనంతట తాను చేసే తప్పునే తను కష్టపడి చేత్తో చేసింది. పిడుగుకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది. చేతిలో ఉన్న తువ్వాలుని నేలకేసి కొట్టింది, కాలి చెప్పు తీసి దాని పక్కకి విసిరింది. తెల్ల తువ్వాలు, నల్ల చెప్పు. వాటిని చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది.

తర్వాత లేచి, తువ్వాలొక్కటే నిండా కనబడేలా సూది సున్నా మీద పెట్టి ఒక ఫొటో తీసింది. చెప్పుని కూడా అలాగే, సూది మళ్ళీ సున్నా మీదికి తెచ్చి తీసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తువ్వాలు బూడిద రంగులో ఉంది. చెప్పూ బూడిద రంగులోనే ఉంది.

అప్పుడు తెలిసొచ్చింది ఆ సూది బండారం. దానికి తెలుపు తెలియదు, నలుపు తెలియదు. ఏది చూపించినా బూడిద చెయ్యమంటుంది. ఎదురుగా తెల్ల తెర నిండుగా కనబడితే అమ్మో వెలుతురెక్కువైందని మొత్తాన్నీ అణిచేస్తుంది. ఆ అణచడంలో తెల్లటి తెర కాస్త మసకబారి ఊరుకుంటుంది, తెర ముందు కూర్చున్న నల్లటి మొహం మాత్రం మునిగిపోతుంది. ఈ గుడ్డి సూదికి తెలివెక్కువని మామయ్య ఇన్నేళ్ళు ప్లాస్టరేసి మరీ దాని మాట విన్నాడు.

ఆ రోజు నుంచి పిడుగు సూదికి ఎదురు తిరగడం మొదలుపెట్టింది. అది సున్నా అంటే ఈమె రెండు గీతలు దాటించేది. దాటిస్తే ఏమవుతుందో, ఎంత దాటిస్తే చాలో, ఎక్కడికి పోతే ఎక్కువవుతుందో తన మొహం మీదే చూసుకుంది. ప్రతిసారీ చివర్లో చక్రాన్ని పచ్చ గడికి తిప్పి, పాత ప్లాస్టరు జిగురు పోతే కొత్తది అంటించి, ఏమీ ఎరగనట్టు కవర్ల దగ్గర కూర్చునేది.

ఇంతలో అమ్మ ఫ్యాక్టరీలో కొత్త మిషను వచ్చింది.

అమ్మ పాల ఫ్యాక్టరీలో ప్యాకెట్లు నింపే దగ్గర పనిచేస్తుంది. తెల్ల కోటు, తెల్ల టోపీ, చుట్టూ తెల్ల గోడలు. మనుషుల మొహం చూసి తలుపు తీసే మిషనొకటి గేటు దగ్గర బిగించి, అందరినీ యూనిఫాంలో ఫొటో ఇమ్మన్నారు. తమ్ముడి స్టూడియో ఉండగా అమ్మ ఇంకో చోటికి ఎందుకు వెళ్తుంది? కోటూ టోపీ వేసుకుని తెల్ల తెర ముందు కూర్చుంది. మామయ్య బొత్తాం నొక్కాడు. మచ్చ వచ్చింది. ఫినిషింగ్ చేశాడు.

ఆ ఫొటో అమ్మకి నచ్చేసింది. ఒక కాపీ తెచ్చి ఇంట్లో అద్దం అంచుకి గుచ్చుకుంది. తల దువ్వుకుంటూ దాన్నోసారి చూసుకునేది.

"ఇది నువ్వు కాదమ్మా. ఎవరో పిండిలో పడి లేచినావిడ" అంది పిడుగు.

"కాకపోతే కాకపోయింది. ఒక్క ఫొటోలోనన్నా తెల్లగా ఉండనియ్యవే" అంది అమ్మ.

ఎవరికీ జవాబు బాకీ ఉంచని పిడుగు, దువ్వెన అందుకుని అమ్మ తల దువ్వడం మొదలుపెట్టింది.

మిషను పని మొదలుపెట్టిన రోజు అమ్మ వెళ్ళినంత వేగంగానే ఇంటికి తిరిగొచ్చింది. మిషను ముందు నిలబడితే ఎర్ర దీపం వెలిగిందట. మొహం తుడుచుకుని నిలబడినా ఎరుపే, టోపీ తీసి నిలబడినా ఎరుపే. గేటు కాపలా అతను నెత్తి బాదుకున్నాడట. "నువ్వేనని నాకు తెలుసక్కా. ఇన్నేళ్ళుగా చూడట్లేదా ఏంటి? కానీ దీనికి తెలియట్లేదే! ఎర్ర దీపమొస్తే తలుపు తియ్యొద్దని నాకు ఆర్డరు" అన్నాడట. వెనక క్యూలో వాళ్ళు, నిన్నటిదాకా కలిసి అన్నం తిన్నవాళ్ళు, పక్కకి జరగమని గొడవ చేశారట. ఆఫీసులో అడిగితే, సరైన ఫొటో తెచ్చేదాకా రావొద్దనీ, ఈ వారం దాటితే ఆ చోట్లో ఇంకొకరిని పెట్టేస్తామనీ చెప్పారు.

ఇదంతా అమ్మ నవ్వుతూనే చెప్పింది. చెప్పడం అయ్యాక అటు తిరిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడగసాగింది.

"తెల్లగా చేస్తే ఆ మిషను వద్దంది. ఉన్న రంగులో ఉంటే మనుషులు వద్దంటారు. మరి నేనెటు పోవాలే?" అంది గ్లాసుతో.

మర్నాడు పొద్దున్న మామయ్య ఇంకో ఫొటో తీశాడు. మిషను కోసం ఈసారి ఫినిషింగు మానేశాడు, అదే పెద్ద త్యాగమన్నట్టు మొహం పెట్టి. ఆ ఫొటో పట్టుకుని అమ్మ ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్ళింది. మిషను దాకా పోనే లేదు. అక్కడి గుమాస్తా ఫొటోని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "కోటు బాగుందమ్మా. ఇందులో కళ్ళెక్కడున్నాయి?" అన్నాడు.

సాయంత్రం అమ్మ మళ్ళీ కోటూ టోపీతో స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. మామయ్య కెమెరాలో కన్ను పెట్టి చూశాడు, దీపాలు అటూ ఇటూ జరిపాడు, మళ్ళీ చూశాడు. ఏం తోచలేదు. తోచనప్పుడు ఆయనకి కోపమొస్తుంది.

"నేనేం చెయ్యనక్కా? కెమెరా బాగానే ఉంది. సూది మధ్యలోనే ఉంది. నీ మొహమే అంత. దానికి కెమెరా ఏం చేస్తుంది?" అన్నాడు.

అమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, సంచీ కోసం చెయ్యి చాచింది. ఆ చెయ్యి చాచడం చూసి పిడుగుకి కళ్ళ ముందు నిప్పులు లేచాయి. కవర్లు అక్కడ పడేసి వచ్చి మామయ్యకీ కెమెరాకీ మధ్య నిలబడింది.

"ఆడలేక మద్దెల ఓడన్నారట. టోపీ పెట్టుకోమ్మా. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అంది.

"నువ్వు పక్కకి తప్పుకో. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే..."

పిడుగు ప్లాస్టరు కొస గోటితో లేపి, ఒక్క గుంజుతో పీకేసింది. ఇన్నాళ్ళూ చప్పుడు కాకుండా తీసిన చెయ్యే, ఈసారి కావాలనే చప్పుడు చేసింది.

మామయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "ఏయ్! దాని జోలికెళ్ళావంటే చేతులు విరగ్గొడతా!"

"చాలా రోజుల్నించి వెళ్తున్నా మామయ్యా. నువ్వు పడుకున్నప్పుడల్లా."

"అదా సంగతి!" అన్నాడు మామయ్య. "డబ్బాలో ప్లాస్టర్లు అయిపోతుంటే, పనిలో నీ వేళ్ళు తెగుతున్నాయేమోనని జాలిపడ్డాను కదే!"

చక్రం ఎం దగ్గరికి తిరిగింది. పిడుగు అమ్మ దగ్గరికి వెళ్ళి, దీపాన్ని కాస్త ముందుకి లాగింది. వెనక్కొచ్చి కంత పూర్తిగా తెరిచింది. షట్టరు ఒక్కో మెట్టే నెమ్మది చేసింది. సూది సున్నా దాటింది. ఒక గీత దాటింది. రెండో గీత కూడా దాటింది. తన మొహం మీద వంద తప్పులు చేసినా ఎవరికీ నష్టం లేదు. ఇది తప్పితే అమ్మ ఇంకెప్పుడూ కెమెరా ముందు కూర్చోదని ఆమెకు తెలుసు.

మామయ్య భుజం మీదుగా తొంగి చూసి గావుకేక పెట్టాడు. "సూది మధ్యలో లేదే! చూడు, ఎక్కడికి పోయిందో చూడు! ఫొటోలో కోటంతా వెలుతురుకి కాలిపోతుంది!"

"నీ సూది కోటుని చూస్తోంది మామయ్యా. నేను మా అమ్మని చూస్తున్నాను. అమ్మా, ఊపిరి బిగబట్టు."

అమ్మ ఊపిరి బిగబట్టి, గడ్డం ఎత్తి, సూటిగా చూసింది. పిడుగు బొత్తాం నొక్కింది.

కంప్యూటరు తెర మీద ఫొటో తెరుచుకుంది. అమ్మ నల్లగా ఉంది. నిగనిగలాడుతూ, అసలైన నలుపులో ఉంది. కళ్ళున్నాయి, కళ్ళ కింద అలసట ఉంది, చిన్నప్పుడు మెట్ల మీద పడితే కనుబొమ మీద మిగిలిన గాటు ఉంది. పై పెదవి మీద పుట్టుమచ్చ ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక ఫొటోలోకి వచ్చింది.

మామయ్య ముందుగా తేరుకున్నాడు. "కోటు మడతలు పోయాయి" అన్నాడు.

"కోటు గేటు దాటక్కర్లేదు మామయ్యా. అమ్మ దాటాలి."

ఆయన అలవాటు కొద్దీ మౌసు మీద చెయ్యి వేశాడు. "సర్లే, ఇంతదాకా వచ్చింది కదా. ఒక్క రవ్వ, ఇదిగో ఇంతే, ఫినిషింగ్..."

"ముట్టుకోకు."

అన్నది పిడుగు కాదు, అమ్మ. స్టూలు మీంచి ఎప్పుడు లేచొచ్చిందో, తమ్ముడి చెయ్యి పట్టుకుని మౌసు మీంచి తీసేసింది. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి.

"మన అమ్మలా ఉన్నాను కదరా" అంది. "అమ్మ ఫొటో కూడా తెల్లగా చేసి గోడకి పెట్టావు. దానికేసి చూసినప్పుడల్లా ఎవరో పరాయి మనిషిని చూసినట్టుంటుంది నాకు. అమ్మ ఇలా ఉండేది. నీకు గుర్తులేదా?"

మామయ్య చొక్కా జేబులో ఏదో వెతుక్కున్నాడు. అందులో ఏమీ లేదు. టీ తాగొస్తానని చెప్పి బయటికి వెళ్ళాడు. స్టూడియోలో ఫ్లాస్కు నిండా టీ ఉంది.

ఆయన మారిపోయాడనుకుంటే పొరపాటే. మర్నాడు పిడుగు వచ్చేసరికి కెమెరా చక్రం మీద మళ్ళీ ప్లాస్టరు ఉంది. ఈసారి ఎం దగ్గర. అంకెలు కూడా నిన్న అమ్మకి పెట్టినవే, కదలకుండా ఉన్నాయి. "ఇవే కదా అసలు అంకెలు? ఇంక ఎవరూ తిప్పొద్దు" అన్నాడు గంభీరంగా. ఆ అంకెలతోనే పాల ఫ్యాక్టరీ లెక్కలాయన ఫొటో తీశాడు. ఆయన మొదట్నుంచీ పాలలాంటి రంగున్న మనిషి. ఫొటోలో రెండు కళ్ళూ ఒక మీసమూ తప్ప ఏమీ మిగల్లేదు. లెక్కలాయన దాన్ని చూసి, తనకేమైనా జబ్బు చేసిందా అని అడిగాడు.

పిడుగు పడీ పడీ నవ్వి, మామయ్య మేలుకుని ఉండగానే, ఆయన కళ్ళెదుటే ప్లాస్టరు పీకి, దాన్ని ఆయన కుర్చీ చేతికి అంటించింది. "అంకెలు మనిషిని బట్టి మామయ్యా, గోడని బట్టి కాదు" అంది. ఆయన గొణిగాడు, విసుక్కున్నాడు, నన్ను అడక్కుండా నా కెమెరా తిప్పుతావా అన్నాడు. ఆమె అడగలేదు, తిప్పింది. లెక్కలాయనకి మీసంతో పాటు మొహం కూడా వచ్చింది. మామయ్య ఆ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి, ప్లాస్టర్ల డబ్బా తీసి సొరుగులో పెట్టేశాడు.

అదే రోజు సాయంత్రానికి అమ్మ కొత్త ఫొటోని ఆఫీసువాళ్ళు మిషనులో ఎక్కించారు. తర్వాతి రోజు పొద్దున్న అమ్మతో పాటు పిడుగు కూడా ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళింది. అమ్మ కోటు ఇస్త్రీ చేసుకుంది. ఇంట్లోంచి బయల్దేరే ముందు అద్దం అంచున ఉన్న తెల్ల ఫొటో తీసి బల్ల సొరుగులో పడేసింది. దాని చోట ఇంకేమీ పెట్టలేదు.

గేటు దగ్గర క్యూ ఉంది. ఆ రోజు పక్కకి జరగమన్నవాళ్ళే వెనక నిలబడ్డారు. కాపలా అతను అమ్మని చూసి లేచి నిలబడి, మిషను వైపు భయంగా చూశాడు. అమ్మ దాని ముందు నిలబడింది. మిషను ఒక క్షణం ఆలోచించింది.

పచ్చ దీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది.

"హమ్మయ్య, వెళ్ళక్కా వెళ్ళు" అన్నాడు కాపలా అతను.

అమ్మ లోపలికి వెళ్ళింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి, పక్కనున్న చిన్న తలుపులోంచి బయటికొచ్చి, మళ్ళీ మిషను ముందు నిలబడింది.

"ఏమైందక్కా? ఏమన్నా మర్చిపోయావా?"

"లేదు తమ్ముడూ. సరిగ్గా చూసిందో లేదోనని."

మళ్ళీ పచ్చ దీపం. అమ్మ లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికొచ్చింది. రోడ్డు అవతల నిలబడ్డ పిడుగు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, ఏడుపాపుకోవడానికో ఆమెకే తెలియదు.

"ఏంటమ్మా ఇది? మాకు టైమవుతోంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అమ్మ తీరిగ్గా వెనక్కి తిరిగింది.

"ఆగండి. మూడు రోజులు నేనాగలేదా?" అంది. టోపీ సరిచేసుకుని, గడ్డం ఎత్తి, మళ్ళీ మిషనుకి తన మొహం చూపించింది.